కుడివైపు గడిలో ఆమోసు

ఆమోసుకు యాభై అయిదేళ్లు. ఆ సంగతి ఆమోసుకు తెలుసు, భార్య దెబోరాకు తెలుసు, పైనున్న ప్రభువుకు తెలుసు. తెలియనిదల్లా భారత ప్రభుత్వానికి, అమెరికా ప్రభుత్వానికి, ఓక్ హాలో వీధి మంచు కమిటీకి. ఆ ముగ్గురి లెక్కలో ఆయనకు అరవై ఒకటి. ప్రభుత్వాలతో ఆయనకు ఎన్నడూ పేచీ రాలేదు. వచ్చిన పేచీ అంతా మంచు కమిటీతోనే.

ఓక్ హాలో అనేది వర్జీనియాలో, షాంటిలీలో పాతిక ఇళ్లున్న చిన్న వీధి. డెబ్భై తొమ్మిదిలో పెద్ద మంచు పడ్డప్పుడు ఆ వీధి చివర ఒంటరిగా ఉండే లిండ్‌క్విస్ట్ అనే ముసలాయన నాలుగు రోజులు ఇంట్లో ఇరుక్కుపోయి, ఉప్పునీళ్లలో ఊరేసిన దోసకాయలు తిని బతికాడు. అయిదో రోజున ఎవరికో గుర్తొచ్చాడు. వీధి వీధంతా సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గులోంచి పుట్టింది మంచు కమిటీ. ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ దాన్ని తీసుకెళ్లి కల్నల్ గార్నెట్ చేతిలో పెట్టారు.

కల్నల్ సైన్యంలో ముప్పై ఏళ్లు సరుకుల సరఫరా చూసి రిటైరైన మనిషి. మెడలో విజిల్, చంకలో అట్ట. ఆ అట్ట మీది కాగితంలో రెండు గళ్లు. ఎడమవైపు చూసుకునేవాళ్లు, కుడివైపు చూడబడేవాళ్లు. అరవై దాటితే కుడి గడి, లేకపోతే ఎడమ గడి. మొహం చూసి మనిషిని అంచనా వేయడం ఆయనకు సైన్యంలో నేర్పలేదు, కాగితం చూడడమే నేర్పారు. ఒక్క ఆడవాళ్ల వయసు మాత్రం ఆయన అడగడు. అడగడం మర్యాద కాదట. అందుకని ఒంటరి ఆడవాళ్ల వయసు దగ్గర ఖాళీ వదిలేసి, ఖాళీ ఉన్నవాళ్లందరినీ ఎడమ గడిలో వేశాడు. ఆ విధంగా ఎనభై ఒక్క ఏళ్ల మిసెస్ ఎడ్నా ప్రూయిట్ ఎడమ గడిలోకి, ఆవిడ పక్కింట్లో పంతొమ్మిది వందల ఎనభై రెండు సెప్టెంబరులో దిగిన ఆమోసు కుడి గడిలోకి వెళ్లారు.

ఆమోసు పేరుతో కమిటీ ఫారం నింపింది ఆయన కూతురు లూసీ. పదిహేనేళ్ల పిల్ల. నాన్న పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, పుట్టినతేదీ పొల్లుపోకుండా దించేసింది. అమెరికాలో పెరిగిన పిల్ల కదా, ప్రభుత్వం ముద్ర వేసిన కాగితంలో ఉన్నది నిజం కాకపోవచ్చన్న ఊహే ఆ పిల్లకు లేదు.

నిజానికి ఆ తేదీ ఆయనది కాదు. ఆ పేరూ ఆయనది కాదు. నరసాపురం దగ్గర పల్లెలో ఆయనకు బాప్తిస్మంలో పెట్టిన పేరు ప్రేమానందం. ఆమోసు అనేవాడు ఆయన అన్న, ఆరేళ్లు పెద్ద. పద్నాలుగేళ్లకు మూడో తరగతిలో కూర్చోవడం నామోషీ అనిపించి, ఆ అన్న ఒకరోజు ఓడెక్కి రంగూన్ పోయాడు. బడి రిజిస్టరులో పేరు మిగిలింది. ఆ పేరు మీద మిషన్‌వారు పెట్టే మధ్యాహ్నం భోజనమూ మిగిలింది. అన్నం వృథా పోనివ్వడం ఇష్టంలేని తండ్రి చిన్నవాణ్ణి తీసుకెళ్లి ఆ బల్ల మీద కూర్చోబెట్టి, ఆమోసు అని పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనమన్నాడు. హెడ్మాస్టరు కళ్లద్దాలు తుడుచుకుని, "ఏరా, సెలవుల్లో కురచయ్యావే?" అని ఊరుకున్నాడు. అంతే. మెట్రిక్కు, ఉద్యోగం, పెళ్లి, పాస్‌పోర్టు, అన్నీ ఆ పేరు మీదే నడిచిపోయాయి. అన్న తిరిగి వస్తే పేరు వెనక్కి ఇచ్చేయాలేమోనని చిన్నప్పుడు భయపడేవాడు. నలభై రెండులో యుద్ధానికి భయపడి రంగూన్ నుంచి నడిచి వచ్చినవాళ్లలో అన్న లేడు. ఆ తర్వాత ఆయన భయపడడం మానేశాడు.

డిసెంబరులో మొదటి మంచు పడ్డ రోజు ఆమోసు హుషారుగా లేచాడు. విమానాశ్రయం సరుకుల గోదాములో రోజంతా పెట్టెలు ఎత్తే మనిషి. కొత్త పార కొనుక్కుని ఈ రోజు కోసమే ఎదురుచూస్తున్నాడు. ఏడింటికి తలుపు తీసేసరికి గుమ్మం నుంచి రోడ్డు దాకా దారి అద్దంలా ఉంది. చివర్న ఎర్ర ఉన్నిటోపీ పెట్టుకుని మిసెస్ ప్రూయిట్ నిలబడి ఉంది. ఆవిడ పారను పట్టుకుందో, పారే ఆవిణ్ణి పట్టుకుందో చెప్పడం కష్టం.

"లోపలికి వెళ్లు నాయనా," అంది. "నీ వయసుకు ఈ చలి పడదు. కమిటీ నిన్ను నాకు అప్పజెప్పింది."

ఆమోసుకు తల కొట్టేసినట్టయింది. లోపలికి వచ్చి భార్య మీద పడ్డాడు.

"దెబోరా, ఆ మామ్మగారు మన వాకిలి ఊడ్చేసిందే! మా అమ్మ కంటే పెద్దది. ఈ పాపం ఎక్కడ కడుక్కోవాలే?"

దెబోరా ఆసుపత్రిలో నర్సు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. "పాపం తర్వాత కడుగుదురుగాని, ముందు ఆ బూట్లు విప్పండి. కార్పెట్ తడిసిపోద్ది," అంది.

"ఇదంతా నీ వల్లే," అని కూతురి వైపు తిరిగాడు.

"డాడీ, నేను రాంగ్ ఏం రాయలేదు. పాస్‌పోర్ట్‌లో చూసి కాపీ చేశాను. మీరు గవర్నమెంట్‌కి లై చెప్పారా?"

"లై కాదమ్మా. మీ తాతయ్య అన్నం వేస్ట్ చేయలేక..."

"అన్నంకి బర్త్‌డేట్‌కి కనెక్షన్ ఏంటి?"

ఆ కనెక్షన్ ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పడం ఆమోసు తరం కాలేదు. ఆయన పంతం పట్టాడు. రెండో మంచుకు ఆరింటికే లేచాడు. ఆవిడ అయిదున్నరకే వచ్చి పని ముగించుకుని పోయింది. మూడో మంచుకు అయిదింటికి లేచి, తన వాకిలి సంగతి వదిలేసి నేరుగా ఆవిడ వాకిట్లో దిగాడు. సరిగ్గా అదే సమయానికి ఆవిడ ఈయన వాకిట్లో ఉంది. ఆవిడ తీసిన మంచు తన వాకిలి వైపు విసురుతోంది, ఈయన తీసిన మంచు తన వాకిలి వైపు విసురుతున్నాడు. ఉన్న మంచే గంటన్నర సేపు అటూ ఇటూ తిరిగి, చివరికి రెండిళ్ల మధ్య మనిషెత్తు గుట్టగా స్థిరపడింది. కల్నల్ వచ్చి విజిల్ ఊది, టేపు పెట్టి కొలిచి, దాని మీద "అనుమతి లేని గుట్ట" అని అట్టముక్క గుచ్చాడు. కుడి గడిలోని మనిషి పార ముట్టుకోవడం నాలుగో రూలుకు విరుద్ధమని చెప్పి, ఆమోసు కొత్త పారను స్వాధీనం చేసుకుని రసీదు ఇచ్చి వెళ్లాడు.

అక్కడితో అయిందా? రోజూ ఉదయం ఎనిమిదింటికి మిసెస్ ప్రూయిట్ ఫోన్ చేసి, "ఆమోస్, బతికే ఉన్నావా?" అని అడగాలి. మూడో రింగు దాటేలోపు ఈయన ఎత్తి ఉన్నానని చెప్పాలి. జనవరిలో ఒకరోజు గడ్డానికి సబ్బు నురగ పట్టించుకుని ఉండగా ఫోన్ మోగింది. తువ్వాలు దొరికేసరికి నాలుగో రింగు అయిపోయింది. ఆరు నిమిషాల్లో ఆరుగురు మనుషులు, మంచు మీద లాగే స్లెడ్‌బండి ఒకటి గుమ్మంలో ఉన్నారు. ఆమోసు లుంగీతోనే నిలబడి "ఐయామ్ ఫైన్, ఐయామ్ ఫైన్" అని మొత్తుకున్నాడు. బాగానే ఉన్నానని మొత్తుకోవడం చలి నెత్తికెక్కినవాళ్ల మొదటి లక్షణమని కల్నల్ అప్పటికే కరపత్రం అచ్చువేసి పంచి ఉన్నాడు. దుప్పట్లో చుట్టి, బండికి తాళ్లతో కట్టి, వీధంతా లాక్కుంటూ ఫైర్ స్టేషనుకు తీసుకెళ్లారు. అక్కడివాళ్లు నురగ తుడిచి, వేడి సూప్ పట్టించి, మళ్లీ కట్టి పంపారు. దారి పొడుగునా జనం గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. మిసెస్ ప్రూయిట్ బండి పక్కనే నడుస్తూ ఆయన చెయ్యి వదల్లేదు.

ఆ రోజే ఆమోసు నిశ్చయించుకున్నాడు. ఏమైనా సరే ఎడమ గడిలోకి మారి తీరాలి. మనవాళ్లకు అన్యాయం జరిగితే ఏం చేస్తారు? అర్జీ పెడతారు. నరసాపురం చర్చి పాస్టరుగారికి రాసి, బాప్తిస్మం రిజిస్టరులో ప్రేమానందం పేరున్న పేజీకి నకలు, గుండ్రటి సీలుతో సహా తెప్పించాడు. ఫిబ్రవరి రెండో వారంలో అది చేరింది. రిజిస్టరూ రంగూనూ మధ్యాహ్నం భోజనమూ వివరిస్తూ పదకొండు పేజీల అర్జీ టైపు చేసి, నకలు జతపరిచి, గురువారం సాయంత్రం కల్నల్‌కు ఇచ్చాడు. కల్నల్ సీలును వేలితో తడిమి చూసి, ఆదివారం మధ్యాహ్నం విచారణ అన్నాడు. ఆమోసు గెలిచినట్టే సంబరపడ్డాడు.

శుక్రవారం పొద్దున్న మొదలైన మంచు శనివారం తెల్లారేదాకా ఆగలేదు. తెల్లారి చూస్తే మెయిల్ బాక్సులు లేవు, కార్లు లేవు, వీధే లేదు. ఆమోసు ఫోన్ పక్కన కూర్చున్నాడు. ఎనిమిదయింది. మోగలేదు. ఎనిమిదీ అయిదు. ఎనిమిదీ పది. ఆయనే చేస్తే అవతల ఎవరూ ఎత్తలేదు. రెండు నెలలుగా ఆ మోతను తిట్టుకున్న మనిషి అది మోగకపోయేసరికి బూట్లు తొడుక్కున్నాడు. కుడి గడివాళ్లు పలక్కపోతే ఏం చేయాలో రూళ్లలో మూడు పేజీలుంది. ఎడమ గడివాళ్లు ఫోన్ చేయకపోతే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు.

పార కల్నల్ దగ్గర ఉంది. తెలుగు చర్చి విందులకు వాడే పెద్ద డేగిసా వాళ్లింట్లోనే ఉంటుంది. దాని మూత పట్టుకుని ఆమోసు నడుంలోతు మంచులోకి దిగాడు. ఇరవై అడుగుల దూరానికి ముప్పావుగంట పట్టింది. మిసెస్ ప్రూయిట్ వరండాలో, బోర్లించిన బకెట్ మీద, ఒళ్లో పార పెట్టుకుని కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒక కాలు బూటులో పట్టనంతగా వాచింది.

"ఆలస్యమైంది, ఏమీ అనుకోకు," అంది. "నీ దగ్గరికే బయలుదేరాను."

ఆమోసు ఆవిణ్ణి ఎత్తుకున్నాడు. గోదాములో ఆయన ఎత్తే పెట్టెల్లో సగం బరువు లేదు. "వెనక గుమ్మం నుంచి తీసుకెళ్లు, కల్నల్ చూస్తాడు," అని ఆవిడ ఆయన చెవిలో అంది.

దెబోరా కాలు చూసి, విరగలేదు, బెణికిందని కట్టు కట్టింది. టీ లోపలికి వెళ్లాక మిసెస్ ప్రూయిట్ అసలు సంగతి చెప్పింది. రిచ్‌మండ్‌లో ఉన్న కొడుకు హెరాల్డ్ అక్కడొక వృద్ధాశ్రమంలో ఆవిడకు గది చూసి పెట్టాడు. ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది.

"నేను ఎవరినైనా చూసుకుంటున్నంత కాలం నన్నెవరూ చూసుకోనక్కర్లేదు. నా పేరుకెదురుగా ఉన్న గడి ఖాళీ అయిన రోజున రిచ్‌మండ్ వెళ్లిపోవాలి. మొన్నటిదాకా లిండ్‌క్విస్ట్ ఉండేవాడు. పోయిన వేసవిలో పోయాడు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు నువ్వొచ్చావు. నీకు అరవై ఒకటని విని దేవుడికి దండం పెట్టుకున్నాను." ఆవిడ కప్పు కింద పెట్టింది. "నువ్వేదో సీలున్న కాగితం ఇచ్చావని కల్నల్ చెప్పాడు. రేపు హెరాల్డ్ కూడా వస్తున్నాడు. అరవై ఒకటే కదా ఆమోస్?"

ఆమోసు ఆవిడ కప్పులో మళ్లీ టీ పోశాడు. సాయంత్రం ఆవిణ్ణి వెనక గుమ్మం నుంచే ఇంటికి చేర్చి వచ్చి, కుర్చీలో కూలబడ్డాడు.

"అర్జీ వెనక్కి తీసేసుకోండి," అంది దెబోరా.

"వెనక్కి తీసుకున్నా అయిపోదే, సీలున్న కాగితం ఆయన చూసేశాడు. ఆ కల్నల్ మనిషిని నమ్మడు, సీలుని నమ్ముతాడు. ఏదో ఒకటి చెప్పాలి."

"అబద్ధం చెప్పమని నేను చెప్పను. ప్రార్థన చేస్తాను. మీరు మాట్లాడేటప్పుడు నేను వంటింట్లో గుడ్లు వేయిస్తా ఉంటాను. నాకేం వినపడదు."

ఆదివారానికి రోడ్లు తెరిచారు. హెరాల్డ్ వచ్చాడు. భారీ మనిషి, మంచివాడే. చేతిలో ఆశ్రమం గురించిన రంగుల పుస్తకం ఉంది. విచారణ ఆమోసు ఇంట్లో. కల్నల్, హెరాల్డ్ ముందుగానే గుమ్మంలో నిలబడ్డారు. ఇప్పుడు మిసెస్ ప్రూయిట్ వాళ్ల కళ్లెదుట తన ఇంటి నుంచి నడిచి రావాలి. కాలు కింద పెడితే ప్రాణం పోతోంది.

ఆమోసు దెబోరా శాలువా కప్పుకుని, కోతిటోపీ పెట్టుకుని, విల్లులా వంగి ఆవిడ గుమ్మం దాకా వెళ్లాడు. "మేడమ్, నాకు కళ్లు తిరుగుతున్నాయి, కాస్త చెయ్యి పట్టుకుని నడిపించండి!" అని వీధికంతా వినపడేలా అరిచాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. మొత్తం బరువు ఆయన మీద వేసింది. ఆవిడ వాచిన కాలు నేలకు తగిలినప్పుడల్లా ఆమోసు "అమ్మో, చచ్చాన్రా దేవుడా" అని కేక పెట్టాడు. ఆవిడ పళ్లు బిగించింది, ఈయన మూలిగాడు. సగం దారిలో ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగితే ఈయన భోరుమన్నాడు. అలా ఇరవై అడుగులూ నడిచారు.

"అమ్మా, మోయగలుగుతున్నావా?" అన్నాడు హెరాల్డ్.

"అలవాటే," అంది ఆవిడ.

కల్నల్ అర్జీని బల్ల మీద పరిచాడు. పదకొండు పేజీలు మూడుసార్లు చదివాడట. ఇందులో ఇద్దరు మనుషులున్నారన్నది మాత్రం తెలిసిందట. "పాస్‌పోర్టు ప్రకారం మీరు ఇరవై రెండులో పుట్టారు. ఈ సీలున్న కాగితంలో ఇరవై ఎనిమిది. ఏది మీది?"

వంటింట్లో నూనె చిటపటమంది. ఆమోసు ఆ కాగితం వైపు చూశాడు. యాభై ఏళ్లలో తన సొంత పేరు సీలుతో సహా ఎవరైనా రాసి ఇచ్చింది అదొక్కటే.

"అది నా తమ్ముడిది సార్," అన్నాడు. "ప్రేమానందం. నాకంటే ఆరేళ్లు చిన్న."

"మరి అర్జీలో మీరే ప్రేమానందం అని రాశారు?"

"ముసలితనం సార్. ఒక్కోసారి నేనే వాణ్ణనుకుంటాను."

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?"

ఆ ప్రశ్నకు ఆమోసు సిద్ధపడి రాలేదు. ఏదో ఒకటి అల్లి చెప్పబోయాడు. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "చిన్నతనంలో ఓడెక్కి రంగూన్ పోయాడు సార్. తిరిగి రాలేదు. బడిలో వాడి కంచం మిగిలిపోయింది. వాడి అన్నం నేను తిన్నాను. వాడు వస్తే అడుగుతాడేమోనని భయపడ్డానేగాని, వాడు రావాలని ఒక్కరోజు కూడా కోరుకోలేదు." అంతవరకు చెప్పి శాలువాలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. దారిలో ఏడ్చిన ఏడుపు కాదది. అన్న ఓడెక్కిన నలభై ఏడేళ్లకు మొదటిసారి అన్న కోసం ఏడ్చాడు. వంటింట్లో చిటపట ఆగిపోయింది. దెబోరా గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

కల్నల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అట్ట తీసి, ఆమోసు పేరుకెదురుగా "అప్పుడప్పుడు తానెవరో మరిచిపోతాడు, అదనపు జాగ్రత్త అవసరం" అని రాసి, రోజుకు ఒక ఫోన్ బదులు రెండు ఖాయం చేశాడు. హెరాల్డ్ రంగుల పుస్తకాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"ఇంత పని నీ వల్ల అవుతుందా అమ్మా?"

"ఎవరో ఒకరు చూడాలిగా," అంది మిసెస్ ప్రూయిట్. ఆమోసు భుజం మీద వేసిన చెయ్యి ఆవిడ తీయలేదు.

సోమవారం తెల్లవారుజామున మళ్లీ పలచగా మంచు పడింది. ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఆమోసు రెండు రింగులు ఆగి మూడోదానికి ఎత్తాడు.

"ఆమోస్, బతికే ఉన్నావా?"

"ఉన్నాను మేడమ్."

"మీ తమ్ముడో?" అంది ఆవిడ.

ఆమోసు కిటికీలోంచి పక్కింటి వైపు చూశాడు. ఆవిడ గుమ్మం నుంచి రోడ్డు దాకా దారి తెరిచి ఉంది. అంచులు డేగిసా మూతలా గుండ్రంగా ఉన్నాయి. ఆయన లుంగీ అంచు నుంచి కార్పెట్ మీదికి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"వాడూ ఉన్నాడు మేడమ్. ఇప్పుడే మీ వాకిలి తవ్వి వచ్చాడు," అన్నాడు. "వాడి పేరు ఏ గడిలోనూ లేదు. కల్నల్‌గారు వాణ్ణేం చేయలేరు."